పరాయి నేల మీద పుష్కిన్ పండుగ

పండుగ అంటే సాధారణంగా దేవుడిదో, పంటదో, కాకపోతే ఏ రాజో గెలిచిన యుద్ధానిదో అయి ఉంటుంది. ఒక కవి పుట్టినరోజును అందరి పండుగగా పెట్టుకోవడం అరుదు. అలా పెట్టుకున్నవాళ్ళు రష్యన్లు. అదీ సొంత దేశంలో నిశ్చింతగా ఉన్న రోజుల్లో కాదు. దేశం చేజారి, ఇల్లూ వాకిలీ వదిలి, పరాయి ఊళ్ళలో అద్దె గదుల్లో రోజులు వెళ్ళబుచ్చుతున్న కాలంలో. 1925లో ప్రాగ్, పారిస్, బెర్లిన్ మొదలైన నగరాల్లోని రష్యన్ ప్రవాసులు అలెగ్జాండర్ పుష్కిన్ జన్మదినాన్ని ‘రష్యన్ సంస్కృతి దినం’ అనే పేరుతో జరుపుకోవడం మొదలుపెట్టారు. ఆ ఒక్క ఏడే పదికి పైగా దేశాల్లో ఆ ఉత్సవం జరిగింది.

మనకు రష్యన్ సాహిత్యం కొత్త కాదు. గోర్కీ ‘అమ్మ’ను క్రొవ్విడి లింగరాజుగారు తెలుగు చేసిన దగ్గర్నుంచీ అది మన ఇంటి చుట్టమే. ఉప్పల లక్ష్మణరావుగారి వంటివారు మాస్కోలో ఉండి చేసిన అనువాదాలు, విశాలాంధ్ర దుకాణాల్లో కారుచౌకగా దొరికిన ఆ గట్టి అట్టల పుస్తకాలు – మన అధ్యాపకుల తరంలో వాటి వాసన తెలియనివాళ్ళు తక్కువ. అయితే మనకు అందింది ప్రధానంగా మాస్కో పంపిన సాహిత్యం. ఆ సాహిత్యానికే రెండో పాయ ఒకటి ఉంది. అది పారిస్‌లో టాక్సీలు నడుపుకుంటూ, బెర్లిన్‌లో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ, హర్బిన్‌లో రైల్వే గుమాస్తాగిరీ చేసుకుంటూ బతికిన వాళ్ళది. ఈ నాలుగు మాటలూ ఆ పాయ గురించి.

ముందు వీళ్ళెవరో చూద్దాం. 1917 విప్లవం, ఆ వెంట వచ్చిన అంతర్యుద్ధం వల్ల రష్యా వదిలిపోయినవాళ్ళు పది లక్షల నుంచి ఇరవై లక్షల దాకా ఉంటారని అంచనా. 1920 నవంబరులో జనరల్ వ్రాంగెల్ సైన్యం ఓడిపోయినప్పుడు ఒక్క క్రిమియా రేవుల నుంచే నూట ఇరవైకి పైగా ఓడల్లో దాదాపు లక్షా యాభైవేల మంది కాన్‌స్టాంటినోపుల్ చేరారు. అందరూ జమీందార్లూ, జార్ గారి బంధువులూ అనుకుంటే పొరపాటు. సిపాయిలు, స్కూలు మాస్టర్లు, డాక్టర్లు, నర్సులు, కొసాక్కు రైతులు, విద్యార్థులు, ఆఖరికి జార్ మీద జీవితమంతా పోరాడిన సోషలిస్టులు కూడా ఆ గుంపులో ఉన్నారు. 1921 డిసెంబరులో సోవియట్ ప్రభుత్వం వీరిలో చాలామంది పౌరసత్వాన్ని రద్దు చేసింది. దాంతో ఏ దేశానికీ చెందని మనుషులు లక్షల్లో తేలారు. నానాజాతి సమితి తరఫున నార్వే దేశపు ధ్రువయాత్రికుడు నాన్‌సెన్ 1922లో వీరికోసం ఒక గుర్తింపు పత్రం ఏర్పాటు చేశాడు. ‘నాన్‌సెన్ పాస్‌పోర్టు’ అంటే అదే. అది చూపిస్తే నువ్వెవరో తెలుస్తుంది. నీ దేశమేదో మాత్రం తెలియదు.

ఇంతమంది ఒకే కష్టంలో పడ్డారు కదా, కలిసికట్టుగా ఉండి ఉంటారని మనం అనుకుంటాం. అబ్బే! రాచరికవాదులకు ఉదారవాదులంటే పడదు. ఉదారవాదులకు సోషలిస్టులంటే పడదు. దేశం నాశనమైంది నీ వల్లంటే నీ వల్లని రోజూ పత్రికల్లో తిట్టుకోవడమే. అది తిట్లతో ఆగలేదు కూడా. 1922 మార్చి 28న బెర్లిన్‌లోని ఒక సంగీతశాలలో ఉదారవాద నాయకుడు మిల్యుకోవ్ ఉపన్యసిస్తూ ఉండగా ఇద్దరు రాచరికవాదులు తుపాకులు పేల్చారు. ఆయనకు అడ్డుపడి ప్రాణాలు పోగొట్టుకున్నది వ్లదీమిర్ ద్మీత్రియెవిచ్ నబొకోవ్. తర్వాతి కాలంలో ప్రపంచ ప్రసిద్ధుడైన నవలాకారుడు నబొకోవ్‌కు తండ్రి ఆయన. చంపినవాళ్ళూ ప్రవాసులే, చచ్చినవాడూ ప్రవాసే.

ఇలాంటి జనానికి ఉమ్మడి పండుగ ఏమిటి పెట్టాలి? జార్ పట్టాభిషేకమంటే సగం మంది రారు. 1917 ఫిబ్రవరి విప్లవమంటే మిగతా సగం రారు. జెండా దగ్గరా పేచీయే. మతం అందామా? ప్రవాసుల్లో యూదులున్నారు, నాస్తికులున్నారు. పైగా ఆర్థొడాక్సు చర్చిలోనే చీలికలు వచ్చాయి. క్యాలెండరు దగ్గర కూడా తగువే. సోవియట్ ప్రభుత్వం 1918లో కొత్త క్యాలెండరుకు మారితే, చర్చి పాత లెక్కనే పట్టుకుని ఉంది. అక్షరాల మాట సరేసరి. 1918లో లిపి సంస్కరణ చేసి కొన్ని పాత అక్షరాలు తీసేశారు. వాటిని వదలడం బోల్షెవిక్కులకు లొంగిపోవడమేనని ప్రవాస పత్రికలు చాలాకాలం పాత వర్ణక్రమంలోనే అచ్చు వేశాయి. అరసున్నకూ, బండి ‘ఱ’కూ మనవాళ్ళు చేసిన యుద్ధాలు తెలిసినవాళ్ళకు ఇది వింతగా తోచదు. గిడుగువారికి ప్రభుత్వం ఊడగొట్టిన దేశం మీద బెంగ లేదు, అంతే తేడా.

అన్నీ తీసేయగా మిగిలినవాడు పుష్కిన్. ఆయన 1837లోనే పోయాడు కాబట్టి ఏ పార్టీలోనూ లేడు. రాజునూ పొగిడాడు, స్వేచ్ఛనూ పాడాడు. జార్ ఆయన్ను రాజధాని నుంచి వెళ్ళగొట్టి దక్షిణాదికీ, తర్వాత పల్లెలోని సొంత ఎస్టేటుకూ పంపించాడు కాబట్టి ప్రవాసమంటే ఏమిటో తెలిసినవాడు. ముత్తాత ఆఫ్రికా నుంచి వచ్చినవాడు కాబట్టి రక్తశుద్ధి గొడవ చెప్పేవాళ్ళ నోరు కూడా మూతపడుతుంది. అన్నిటినీ మించి, రష్యన్ భాష చదవడం వచ్చిన ప్రతి పిల్లవాడికీ ఆయన పద్యాలు నాలుగు నోటికి వచ్చు. ఒక తమాషా చూడండి: విదేశాలు చూడాలని ఎంత తపించినా పుష్కిన్‌కు జార్ ఒక్కసారి కూడా పశ్చిమ ఐరోపాకు వెళ్ళడానికి అనుమతి ఇవ్వలేదు. చనిపోయిన ఎనభై ఎనిమిదేళ్ళకు ఆయన పండుగ ఐరోపా అంతటా జరిగింది.

ఈ ఆలోచన పుట్టింది కవుల బుర్రలో కాదు, పంతుళ్ళ బుర్రలో. 1924లో ఎస్తోనియాలోని రష్యన్లు ‘విద్యా దినం’ జరుపుకున్నారు. అది చూసి ప్రాగ్‌లోని ప్రవాస ఉపాధ్యాయుల సంస్థ అన్ని దేశాలవాళ్ళకూ పిలుపునిచ్చింది. వాళ్ళ భయమల్లా పిల్లల గురించి. తల్లిదండ్రులకు రష్యా ఒక జ్ఞాపకం. పిల్లలకు అది వినికిడి. ఫ్రాన్సులో అప్పట్లో బడులకు గురువారం సెలవు. మిగతా వారమంతా ఫ్రెంచి బడికి పోయిన పిల్లలు ఆ ఒక్కరోజూ రష్యన్ బడికి వచ్చి అక్షరాలు దిద్దేవారు. వాటికి ‘గురువారం బడులు’ అనే పేరే స్థిరపడింది. ఆట్లాడుకునే రోజున బడికి రమ్మంటే ఏ పిల్లాడు సంతోషంగా వస్తాడు? వాడికి ఆ భాషతో ఒక సంబరం ముడిపెట్టాలి. వేదికెక్కి పద్యం చదివితే చప్పట్లు కొట్టాలి. అదే ఈ దినోత్సవం వెనక ఉన్న కిటుకు.

ఉత్సవం తీరు ఇలా ఉండేది. మొదట ఒక పండితుడి ఉపన్యాసం. (ఇది ఎక్కడైనా పొడుగే.) తర్వాత పిల్లల పద్యపఠనం, బృందగానం, ముస్సోర్‌గ్‌స్కీ, చైకోవ్‌స్కీల ఆపెరాల్లోంచి పాటలు – ఆ రెండు కథలు పుష్కిన్‌వే కాబట్టి ‘బొరీస్ గొదునోవ్’, ‘యెవ్‌గేనీ అనేగిన్’ తప్పనిసరి – ఒక నాటకంలోంచి ఒక రంగం, బాలలైకా వాద్యబృందం, జానపద నృత్యం. పక్కన ఆడవాళ్ళు పెట్టిన ఫలహారాల బల్ల, లాటరీ టిక్కెట్లు. వచ్చిన సొమ్ము అనాథ పిల్లల బడికో, జబ్బుపడ్డ ఏ రచయితకో. మన కాలేజీ యూనియన్ వార్షికోత్సవానికి చందాల కోసం తిరిగిన మిత్రులకు దీని వెనక ఎంత చాకిరీ ఉందో వేరే చెప్పనక్కర్లేదు.

దినోత్సవం ఏడాదికొక్కసారి. దానికి బయట ఏడాది పొడుగునా ‘సాయంత్రాలు’ జరిగేవి. ఒక రచయిత హాలు అద్దెకు తీసుకుని తన రచనలు తానే చదువుతాడు. స్నేహితులు ఇంటింటికీ తిరిగి టిక్కెట్లు అమ్ముతారు. గొప్ప రచయితలకు కూడా అద్దె బకాయి తీరేది ఇలాగే. కవయిత్రి మరీనా త్స్వెతాయెవా 1926 ఫిబ్రవరిలో పారిస్‌లో ఇచ్చిన తొలి సాయంత్రానికి హాలు కిక్కిరిసి, చోటు దొరక్క చాలామంది వెనుదిరిగారు. అంతటి ఆదరణ ఆమెకు మళ్ళీ దొరకలేదు. దరిద్రంతో, ఒంటరితనంతో వేగి 1939లో సోవియట్ దేశానికి తిరిగి వెళ్ళింది. 1941 ఆగస్టులో యెలాబుగ అనే చిన్న ఊళ్ళో ఆత్మహత్య చేసుకుంది. ఇక్కడా ఇమడలేదు, అక్కడా ఇమడలేదు.

పుస్తకాల సంగతి చెప్పాలంటే పారిస్‌లోని తుర్గేనెవ్ గ్రంథాలయం దగ్గర కాసేపు ఆగాలి. ఇది విప్లవానికి చాలా ముందటిది. 1875లో పారిస్‌లో చదువుకుంటున్న బీద రష్యన్ విద్యార్థులకు పుస్తకాలు కొనుక్కునే స్తోమతు లేదని గెర్మన్ లొపాతిన్ అనే విప్లవకారుడు నవలాకారుడు తుర్గేనెవ్ చెవిన వేశాడు. నిధుల కోసం ఆ ఫిబ్రవరిలో సుప్రసిద్ధ గాయని పొలీన్ వియార్దో ఇంట్లో ఒక సాహిత్య సంగీత కార్యక్రమం పెట్టారు. తుర్గేనెవ్ చదివాడు, వియార్దో పాడింది, టిక్కెట్ల డబ్బుతో గ్రంథాలయం వెలిసింది. అంటే ప్రవాసంలో సాహిత్యమూ, సంగీతమూ చేతులు కలిపి ఒక సంస్థను నిలబెట్టడమన్నది 1925 కన్నా యాభై ఏళ్ళ ముందే మొదలైందన్నమాట. అప్పటి పాఠకులు జార్‌కు వ్యతిరేకులు. పారిస్‌లో ఉన్న రోజుల్లో లెనిన్ కూడా ఆ గ్రంథాలయానికి వెళ్ళేవాడు. 1920 తర్వాత వచ్చిన పాఠకులు ఆ లెనిన్‌కు వ్యతిరేకులు. అవే బల్లలు, అవే పుస్తకాలు! 1940 నాటికి అక్కడ దాదాపు లక్ష సంపుటాలు చేరాయి. ఆ ఏడు పారిస్‌ను ఆక్రమించిన జర్మన్లు మొత్తం గ్రంథాలయాన్ని పెట్టెలకెత్తి తరలించుకుపోయారు. యుద్ధం ముగిశాక కొంత భాగం మిన్‌స్క్ గ్రంథాలయంలో తేలింది. ఎన్నో పుస్తకాలు ఏమయ్యాయో తెలియకుండానే పోయాయి. 1959లో పారిస్‌లోనే దాన్ని మళ్ళీ తెరిచారు. మిగతా కథ ఎలా ఉన్నా, నలుగురు విద్యార్థుల పుస్తకాల కరువు తీర్చడానికి పుట్టిన సంస్థ అది. మన లైబ్రరీలో చిరిగిన పుటల గురించి రోజూ విసుక్కునే మనకు అది గుర్తుండవలసిన సంగతి.

రంగస్థలం వైపు వస్తే, మొత్తం ప్రవాస కథకు అద్దంలాంటి ఘట్టం ఒకటి ఉంది. 1919 వేసవిలో మాస్కో ఆర్ట్ థియేటరు నటులు కొందరు, మహానటుడు కచాలొవ్, చెహోవ్ భార్య ఓల్గా క్నిప్పెర్‌లతో సహా, ఖార్కొవ్ నగరానికి నాటకాలాడటానికి వెళ్ళారు. వాళ్ళక్కడ ఉండగానే ఊరు దెనీకిన్ తెల్లసైన్యం చేతికి చిక్కింది. మాస్కోకు దారి మూసుకుపోయింది. ఇక దక్షిణాదికి, అక్కణ్ణుంచి జార్జియాకు, ఓడెక్కి బాల్కన్ దేశాలకు, ప్రాగ్‌కు, బెర్లిన్‌కు – నాటకాలాడుకుంటూనే తిరిగారు. 1922లో కచాలొవ్, క్నిప్పెర్ మొదలైనవారు మాస్కోకు తిరిగి వెళ్ళిపోయారు. వెళ్ళనివాళ్ళు ‘ప్రాగ్ బృందం’గా మిగిలిపోయి ఐరోపా అంతా ప్రదర్శనలిచ్చారు. వాళ్ళు ఆడిన నాటకాల్లో చెహోవ్ ‘చెర్రీ తోట’ ఒకటి. పూర్వీకుల తోట వేలంపాటలో పోయి, ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయే కుటుంబం కథ అది. చెహోవ్ దాన్ని ప్రహసనమన్నాడు. సొంత ఇంటికి తాళంవేసి, ఆ తాళంచెవి జేబులో పెట్టుకుని దేశం దాటిన ప్రేక్షకుల ముందు దాన్ని ఆడి నవ్వించడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

పాట విషయం ఇంకా చిత్రం. 1921లో కాన్‌స్టాంటినోపుల్ దగ్గర చిలింగిర్ అనే శరణార్థి శిబిరంలో కలరా సోకి కొసాక్కు సైనికులు రాలిపోతుండేవారు. చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థనలు పాడటానికి సెర్గేయి జారొవ్ అనే పొట్టి మనిషి ఒక మేళం కట్టాడు. పాడినవాళ్ళు వృత్తిగాయకులు కారు, గుర్రపు రౌతులు. స్వరలిపి కాగితాలు లేకపోతే జ్ఞాపకం మీదే రాసుకున్నారు. బల్గేరియాకు చేరి కూలీనాలీ చేసుకుంటూ పాడారు. 1923 జులైలో వియన్నాలో కచేరీ చేసేసరికి దశ తిరిగింది. ‘డాన్ కొసాక్కు గాయకబృందం’ పేరుతో ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు ఖండఖండాంతరాల్లో వేల కచేరీలు చేశారు.

నాట్యం సంగతి అందరికీ తెలిసిందే అనుకుంటాం కానీ, తెలిసింది పై మెరుగే. ద్యాగిలెవ్ తన బాలే బృందాన్ని 1909లోనే పారిస్‌లో దించాడు. 1929లో ఆయన వెనిస్‌లో పోయేదాకా అది ఐరోపాను ఒక ఊపు ఊపింది. రష్యన్ పేరు లేకపోతే నాట్యమే కాదన్నంత దాకా పోయింది వ్యవహారం. ఇంగ్లీషు పిల్ల ఆలిస్ మార్క్స్ కాస్తా అలీసియా మార్కోవా అయింది. హిల్డా మన్నింగ్స్ లిడియా సొకొలొవా అయింది. కానీ ఆ విద్య తర్వాతి తరానికి అందింది పారిస్‌లో ముసలితనంలో పాఠాలు చెప్పుకున్న పూర్వపు నర్తకీమణుల వల్ల. వారిలో క్షెసిన్‌స్కయా అనే ఆమె ఒకప్పుడు పీటర్స్‌బర్గ్‌లో రాజభోగం అనుభవించింది. 1917 ఏప్రిల్‌లో లెనిన్ జనాన్ని ఉద్దేశించి మాట్లాడింది ఆమె మేడ మీది నుంచే. ఆ మేడ పోయింది. 1929లో పారిస్‌లో చిన్న నాట్యశాల తెరిచి నెలజీతాల మీద పాఠాలు చెప్పుకుంది. బ్రిటన్ గర్వంగా చెప్పుకునే మార్గో ఫాంటేన్ కూడా ఆమె దగ్గర నేర్చుకుంది. 1932లో బలాన్‌చిన్ కొత్త బృందానికి నర్తకుల్ని వెతుక్కుంటూ ఈ నాట్యశాలల్లోనే ముగ్గురు అమ్మాయిల్ని ఏరుకున్నాడు: బరోనొవా, తుమానొవా, రియబూషిన్‌స్కయా. ముగ్గురూ ప్రవాసుల పిల్లలే, ముగ్గురూ పన్నెండు నుంచి పదిహేనేళ్ళ లోపువాళ్ళే. తుమానొవా అయితే తల్లి పారిపోతూ ఉండగా రైలుపెట్టెలో పుట్టిందని చెబుతారు.

ఇక్కడే అసలు చిక్కుంది. నాట్యానికీ సంగీతానికీ పరాయివాడు టిక్కెట్టు కొంటాడు. షల్యాపిన్ పాడితే రష్యన్ ఒక్క ముక్క రానివాడు కూడా కన్నీళ్ళు పెట్టుకుంటాడు. రఖ్మానినొవ్ పియానోకు అనువాదకుడు అక్కర్లేదు. కవిత్వానికి మాత్రం ఆ భాష వచ్చినవాడే కావాలి. మనకు తెలిసిన భాషలో చెప్పాలంటే, కూచిపూడి ఎక్కడికైనా వెళుతుంది, అవధానం వెళ్ళదు. పద్యం చెప్పేవాడొకడు ఓడెక్కితే చాలదు, ఆ పద్యం విని ‘ఔరా’ అనేవాళ్ళు వందమంది అదే ఓడ ఎక్కాలి. 1977లో న్యూయార్క్‌లో ఉత్తర అమెరికా తెలుగువాళ్ళు తొలి మహాసభ పెట్టుకున్నప్పటి నుంచి నేటిదాకా వాళ్ళ సభల్లో నాట్యానికి పిల్లలు బారులు తీరడమూ, సాహిత్య సభలో తలనెరిసినవాళ్ళే కనబడటమూ ఊరికే కాదు. రష్యన్ ప్రవాసులకు ఈ బాధ మనకన్నా యాభై ఏళ్ళ ముందే తెలిసింది.

కాబట్టి డబ్బూ పేరూ నర్తకులకూ గాయకులకూ దక్కాయి. పండుగ మాత్రం కవి పేరిట జరిగింది. ఉన్నవాళ్ళు లేనివాళ్ళను ఆదుకున్నారు కూడా. అందువల్ల ముప్పు వచ్చిన సందర్భమూ ఉంది. షల్యాపిన్ పారిస్‌లో ఒక పూజారి చేతికి బీద రష్యన్ పిల్లల కోసం కొంత డబ్బిచ్చాడు. తెల్లవాళ్ళకు సాయం చేశాడని 1927లో సోవియట్ ప్రభుత్వం ఆయనకిచ్చిన ‘ప్రజాకళాకారుడు’ బిరుదు లాగేసుకుంది. పిల్లల పాలకు రాజకీయం అంటగట్టడం ఏం న్యాయమో!

రచయితల్లో ఒక్కసారి మాత్రం ఆకాశం నుంచి వర్షం పడినట్లయింది. 1933 నవంబరులో ఇవాన్ బూనిన్ దక్షిణ ఫ్రాన్సులోని గ్రాస్ అనే ఊళ్ళో సినిమా చూస్తూ ఉండగా ఇంటి నుంచి మనిషి వచ్చి కబురు చెప్పాడు: నోబెల్ బహుమతి! సాహిత్యంలో ఆ బహుమతి అందుకున్న మొట్టమొదటి రష్యన్ రచయిత ఏ దేశపు పౌరుడూ కాడు. ప్రవాసులంతా తమకే వచ్చినట్లు పొంగిపోయారు. బహుమతి సొమ్ములో చెప్పుకోదగ్గ భాగాన్ని ఆయన బీద రచయితలకు పంచిపెట్టాడు. మిగిలింది తొందరగానే కరిగింది. 1953లో పారిస్‌లో బీదవాడిగానే కన్నుమూశాడు.

యువకుల గతి వేరు. గైతో గజ్‌దానొవ్ రాత్రంతా పారిస్ వీధుల్లో టాక్సీ నడిపి, పగలు నవలలు రాశాడు. ఆ టాక్సీ పని పాతికేళ్ళు చేశాడు. బెర్లిన్‌లో ‘సీరిన్’ అనే కలంపేరుతో రష్యన్ నవలలు రాసిన చిన్న నబొకోవ్, పాఠకులు ఏటేటా తగ్గిపోవడం చూసి, 1940లో అమెరికా చేరి ఇంగ్లీషు రచయిత అయ్యాడు. సోవియట్ పత్రికల్లో ఆయన రచన అచ్చుకావడానికి 1986 దాకా ఆగవలసి వచ్చింది. మాస్కోలో పుట్టిన లెవ్ తరాసొవ్ అనే కుర్రవాడు ఫ్రెంచి బడిలో చదివి, ఆన్రీ త్రువాయా అనే పేరుతో ఫ్రెంచిలో రాసి 1938లో గాంకూర్ బహుమతి కొట్టేశాడు. అతని కలం నుంచి తర్వాత పుష్కిన్, టాల్‌స్టాయ్‌ల జీవితచరిత్రలు వచ్చాయి – ఫ్రెంచిలో. గురువారం బడి పంతుళ్ళు దీన్ని గెలుపనుకోవాలా, ఓటమనుకోవాలా? నా మటుకు నాకు సగం గెలుపే అనిపిస్తుంది.

1937 వచ్చింది. పుష్కిన్ పోయి నూరేళ్ళు. అటు స్టాలిన్ ప్రభుత్వం కోట్ల ప్రతులు అచ్చువేసి, ఊరూరా సభలు పెట్టి శతవర్ధంతి జరిపింది – మనుషుల్ని రాత్రికి రాత్రి మాయం చేస్తున్న ఏడాది కూడా అదే. ఇటు పారిస్‌లో నర్తకుడు సెర్జ్ లిఫార్, ద్యాగిలెవ్ సేకరించిన పుష్కిన్ ఉత్తరాలు కేంద్రంగా, ప్లేయెల్ సంగీతశాలలో పెద్ద ప్రదర్శన పెట్టాడు. కవి ఉత్తరాలను కాపాడింది ఒక బాలే నిర్వాహకుడు, ప్రజల కళ్ళముందు పెట్టింది ఒక బాలే నర్తకుడు! ఆ ఫిబ్రవరిలోనే షాంఘైలోని రష్యన్ ప్రవాసులు చందాలు వేసుకుని వీధికూడలిలో పుష్కిన్ విగ్రహం నిలిపారు. 1944లో జపాన్ సైన్యం దాన్ని పీకేసింది. 1947లో మళ్ళీ పెట్టారు. 1966లో సాంస్కృతిక విప్లవంలో పగలగొట్టారు. 1987లో చైనావాళ్ళే మూడోసారి నిలబెట్టారు. అప్పటికి దాన్ని మొదట పెట్టిన రష్యన్లు దాదాపు ఎవరూ ఆ ఊళ్ళో లేరు. వాళ్ళు ఆస్ట్రేలియాకో, అమెరికాకో ఎప్పుడో వెళ్ళిపోయారు.

యుద్ధం తర్వాత ప్రవాస కేంద్రం పారిస్ నుంచి న్యూయార్క్‌కు మారింది. అక్కడ 1942లో పుట్టిన ‘నోవీ జుర్నాల్’ అనే సాహిత్య పత్రిక ఆ తర్వాత వచ్చిన ప్రతి అలనూ చూసింది. 1972లో దేశం నుంచి వెళ్ళగొట్టిన కవి బ్రాడ్‌స్కీ, 1974లో టొరంటోలో తప్పించుకున్న నర్తకుడు బరిష్నికొవ్ ఆ నగరంలో ప్రాణస్నేహితులయ్యారు. ఇద్దరూ చేయి కలిపిన ‘రష్యన్ సమోవార్’ అనే హోటలు 1986 నుంచి కవులకూ గాయకులకూ అడ్డా అయింది.

ఇజ్రాయెల్‌లో జరిగింది మాత్రం కొత్త పాఠం. 1989 తర్వాత పదేళ్ళలో సోవియట్ దేశాల నుంచి లక్షల మంది అక్కడికి చేరారు. 1991లో యెవ్‌గేనీ అర్యే అనే మాస్కో దర్శకుడు టెల్ అవీవ్‌లో ‘గెషెర్’ నాటకశాల మొదలుపెట్టాడు. గెషెర్ అంటే వారధి. తొలి నాటకం రష్యన్‌లోనే ఆడారు. మరుసటి ఏడు హీబ్రూలో ఆడటానికి తయారయ్యారు. నటులకు ఆ భాష రాదు. సంభాషణలన్నీ రష్యన్ అక్షరాల్లో రాసుకుని, ఒక్కొక్క మాటా బట్టీపట్టి వేదికెక్కారు. యాసను విని మొదట పెదవి విరిచినవాళ్ళున్నా, కొన్నేళ్ళలో అది ఆ దేశపు ముఖ్య నాటకశాలల్లో ఒకటైంది. పారిస్‌లో ప్రాగ్ బృందం తమ భాష వదలక తమ ప్రేక్షకులతోనే ముసలిదైపోయింది. గెషెర్ భాష మార్చుకుంది, నటనను మార్చుకోలేదు. ఏది మేలంటే చెప్పలేం. నాటకానికి ఆ వెసులుబాటు ఉంది, పద్యానికి లేదు.

2022లో రష్యా ఉక్రెయిన్ మీదికి దండెత్తిన తర్వాత ఈ కథలో కొత్త ముడి పడింది. యుద్ధాన్ని ఒప్పుకోలేక లక్షల మంది రష్యన్లు మళ్ళీ దేశం వదిలారు. తిబిలీసీ, యెరెవాన్, బెల్‌గ్రేడ్, బెర్లిన్ నగరాల్లో మళ్ళీ రష్యన్ పుస్తకాల దుకాణాలు, మళ్ళీ కవితల సాయంత్రాలు. కానీ 1925లో అందరినీ కలిపిన పుష్కిన్ ఇప్పుడు అందరినీ కలపడం లేదు. ఉక్రెయిన్ ఊళ్ళలో ఆయన విగ్రహాలు దింపేస్తున్నారు. మా మీద బాంబులు వేసేవాళ్ళ కవి మాకెందుకంటున్నారు. దండయాత్రకు వచ్చినవాళ్ళు ఆక్రమించిన ఖెర్సొన్ నగరంలో ఆయన బొమ్మతోనే ప్రచార ఫలకాలు కట్టారు మరి.

న్యూయార్క్‌లోని బ్రైటన్ బీచ్ పేటలో ఈ తగువు ఇంటింటిదీ అయింది. అక్కడ రష్యన్ మాట్లాడేవాళ్ళలో ఎంతోమంది ఒడెస్సా నుంచి వచ్చిన యూదులు. అందుకే ఆ పేటను ‘చిన్న ఒడెస్సా’ అంటారు. వాళ్ళ భాష రష్యన్, వాళ్ళ ఊరు ఉక్రెయిన్‌లో, వాళ్ళ పౌరసత్వం అమెరికాది. 2022లో ఆ పేటలో ఒక దుకాణం తన పేరులోంచి ‘రష్యా’ అనే మాట తీసేసింది. 1823, 1824 సంవత్సరాల్లో జార్ శిక్షగా పంపించగా పుష్కిన్ ఉన్నది ఒడెస్సాలోనే. ‘యెవ్‌గేనీ అనేగిన్’ కొంత భాగం రాసింది అక్కడే. 1889లో ఆ ఊరివాళ్ళు చందాలు పోగుచేసి సముద్రపు ఒడ్డు వీధి చివర ఆయన విగ్రహం కట్టించారు. దాన్ని ఉంచాలా, తీసేయాలా అని యుద్ధం మధ్యలో ఒడెస్సావాళ్ళు తగువులాడుకుంటున్నారు. ఆ పీఠం మీద జార్ పేరు గానీ, రష్యా పేరు గానీ లేదు. పుష్కిన్‌కు ఒడెస్సా పౌరులు పెట్టారని మాత్రమే ఉంది.